లాప్యుతా సమీక్షను కోట దగ్గర కాదు, గని దగ్గర మొదలుపెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కాలేజీ పత్రికకు జపాన్ యానిమేషన్ దర్శకుడు మియజాకి హయావో 1986లో తీసిన 'లాప్యుతా' (అదే, 'ఆకాశంలో కోట') మీద రెండు పేజీల సమీక్ష రాయాలి. మొదటి డ్రాఫ్టు రాస్తే మొత్తం కథ చెప్పడంతోనే సరిపోయింది. "పిల్లల బొమ్మల సినిమాకి ఇంత రాతేంటి" అనే లెక్చరర్లు కూడా చదవాలి. దాదాపు నలభై ఏళ్ళ కిందటి సినిమా ఇవాళ్టికీ చూడదగ్గదేనా అన్నది ఒక అనుమానం. చివర్లో ఇంకో మాట అన్నారు: అందులో గుడ్డు తినే సీను ఎందుకో మనసులో ఉండిపోయింది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియట్లేదు అని.

సూటిగా చెప్తాను. సినిమా ఇవాళ్టికీ నిలబడుతుంది, కొన్ని లోపాలున్నా సరే. మీ సమీక్ష నిలబడాలంటే మాత్రం పైనున్న కోటని కాసేపు మర్చిపోయి కింద గని ఊరిని చూడండి. ఇది ఎగరడం గురించిన సినిమా అని అందరూ రాస్తారు. నా లెక్కలో ఇది బరువు గురించిన సినిమా. ఎందుకో కింద చెప్తాను.

నేను పద్దెనిమిదేళ్ళుగా సినిమా సమీక్షలు రాస్తున్నాను. నెలకోసారి మా దగ్గర పిల్లలకి ప్రొజెక్టర్ పెట్టి సినిమా వేస్తాను. ఈ సినిమా ఒక్కటే పది పన్నెండు సార్లు వేసుంటాను. దీని మీద నేను రాసిన మొదటి సమీక్ష కూడా మీ డ్రాఫ్టు లాంటిదే. అమ్మాయి ఆకాశం నుంచి పడింది, అబ్బాయి పట్టుకున్నాడు, దొంగలు తరిమారు, సైన్యం పట్టుకుపోయింది... ఇలా పదకొండు వందల పదాలు. ఎడిటర్ వెనక్కి పంపేస్తూ ఒక్క వాక్యం రాశాడు: "ఇది చదివాక సినిమా చూసే పని తప్పింది." మెచ్చుకున్నాడేమో అని ఒక పూటంతా మురిసిపోయాను కూడా.

కథకి ఎంత చోటివ్వాలి? నాలుగైదు వాక్యాలు చాలు. గని ఊళ్ళో పనిచేసే అనాథ పిల్లాడు పజూ. ఒక రాత్రి ఎగిరే ఓడలోంచి పడిన అమ్మాయి షీతా. ఆమె మెడలో నీలిరాయి, దాని కోసం వెంటపడే ఆకాశ దొంగలు, సైన్యం, ముస్కా అనే ప్రభుత్వ గూఢచారి. ఆ రాయి దారి చూపించేది లాప్యుతాకి, అంటే ఒకప్పుడు భూమినంతా ఏలి ఇప్పుడు మనిషన్నవాడు లేకుండా మేఘాల మధ్య తేలుతున్న కోటకి. ఆ కోటని తన తండ్రి కళ్ళారా చూసి ఫొటో తీస్తే లోకం అబద్ధాలకోరు అంది, అందుకే పజూ వెతుకుతున్నాడు. ఇంతవరకు చెప్పి ఆపేయండి. 'డ్రాగన్ గూడు' అని పిలిచే ఆ పెద్ద మేఘంలోకి దూరాక ఏమవుతుందో ఏ సమీక్షా చెప్పకూడదని నా పట్టుదల. నేను కింద కొంచెం చెప్తాను, మీరు చూసేశారు కాబట్టి.

ఇక్కడ తెలుగు పాఠకుడికి దగ్గరి దారి ఒకటుంది. దిక్కులేని కుర్రాడు, తనెవరో దాచుకున్న రాకుమారి, శక్తి కోసం ఆమె వెంటపడే దుర్మార్గుడు, మహిమ ఉన్న రాయి, ఎవరికీ చెప్పకూడని మంత్రం. ఇది అచ్చంగా మన జానపద చిత్రం చట్రం. 'ఫాంటసీ అడ్వెంచర్' అని రాస్తే మీ లెక్చరర్లకి ఏమీ తట్టదు. 'జపాన్ వాడు తీసిన జానపదం' అనండి, వెంటనే కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. మన జానపదాల్లో రాకుమారుడికి చేసే పని అంటూ ఉండదు, ఇందులో ఉంటుంది. తేడా అంతా అక్కడే.

ఇక బరువు సంగతి.

షీతా పడే సీను మళ్ళీ చూడండి. రాయి వెలుగుతుంది, ఆ పిల్ల ఈకలా నెమ్మదిగా దిగుతుంది. పజూ అప్పుడే మేస్త్రీకి రాత్రి తిండి కొనుక్కొస్తున్నాడు. గని నోటి దగ్గర చెక్కల అంచుకి పరిగెత్తి రెండు చేతులూ చాస్తాడు. ఆమె చేతుల్లోకి వస్తుంది, బరువే లేదు, వాడి మొహంలో ఆశ్చర్యం. సరిగ్గా అప్పుడు రాయి వెలుగు ఆరిపోతుంది. ఒక్కసారిగా ఒక నిజమైన అమ్మాయి బరువంతా వాడి చేతుల మీద పడుతుంది. మోకాళ్ళు వంగుతాయి, నడుం ముందుకు తూలుతుంది, కింద అగాధం. పళ్ళు బిగించి వెనక్కి లాక్కుంటాడు. మొత్తం కలిపి అర నిమిషం ఉంటుందేమో.

గీసిన బొమ్మకి బరువుండదు కదా. కాగితం మీద ఏనుగూ ఈకా ఒకటే. యానిమేటర్ పని ఆ లేని బరువుని మన భుజాలకి తెలిసేలా చేయడం. మియజాకి ముందు బరువు తీసేసి చూపించాడు, తర్వాత తిరిగి ఇచ్చాడు. ఆ తర్వాత రెండు గంటల పాటు ఎవరు ఎక్కడి నుంచి వేలాడినా మన అరచేతులు చెమటలు పట్టడానికి కారణం ఈ అర నిమిషమే. సమీక్షలో 'అద్భుతమైన యానిమేషన్' అనే మాట కొట్టేసి ఈ సీను రాయండి.

వెంటనే పజూ "మేస్త్రీ, ఆకాశం నుంచి అమ్మాయి!" అని అరుస్తాడు. మేస్త్రీకి వినే తీరిక లేదు, ఆవిరి కారుతున్న పైపుతో కుస్తీ పడుతున్నాడు. గనిలోంచి మనుషుల్ని పైకి లాగే యంత్రం బ్రేకు నువ్వు చూసుకో అని పిల్లాడికే అప్పజెప్తాడు. ఆకాశం నుంచి అద్భుతం దిగొచ్చింది, అయినా ముందు షిఫ్టు మనుషులు పైకి రావాలి. పైకొచ్చిన వాళ్ళు వెండి మాట దేవుడెరుగు, తగరం కూడా పడలేదని నిట్టూరుస్తారు.

మా నాన్న సింగరేణిలో వైండింగ్ ఇంజన్ (ఇలా మనుషుల్ని పైకి లాగే యంత్రమే) ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. కొత్తగూడెంలో ఇంటి టీవీలో ఈ సినిమా వేస్తే పక్కన కూర్చుని చూశారు. ముందు కోప్పడ్డారు: "గా పోరని చేతికి బ్రేకిచ్చిండేంది, మనుషులున్నరు గద కింద!" కాసేపాగి, "చెయ్యి మాత్రం కరెక్టుగ పెట్టిండు. గీసినోడు యాడనో చూసొచ్చిండు" అన్నారు.

నిజంగానే చూసొచ్చాడు. ఈ సినిమా పని మీద మియజాకి బ్రిటన్‌లోని వేల్స్ వెళ్ళాడు. 1984 మార్చి నుంచి 1985 మార్చి దాకా ఏడాది పాటు అక్కడి బొగ్గు కార్మికులు గనుల మూసివేతకి ఎదురు నిలబడి సమ్మె చేశారు, అది అప్పుడే ముగిసింది. ఉద్యోగాల కోసం, ఊళ్ళ కోసం వాళ్ళు చివరిదాకా పోరాడిన తీరు తనని కదిలించిందని ఆయనే చెప్పుకున్నాడు. పజూ ఉండే లోయ, కొండవాలుకి అతుక్కున్న ఇళ్ళ వరసలు, పట్టాలు, సగం మూతపడ్డ గనులు అక్కడివే. దొంగలు వచ్చినప్పుడు ఊరు ఊరంతా బయటికొచ్చి, షర్టు గుండీలు తెగేలా కండలు బిగించి కొట్టుకోవడం మనకి కామెడీగా కనిపిస్తుంది. దాని వెనక ఆ ఐకమత్యం ఉంది. మీరు బొగ్గు ప్రాంతం నుంచి వచ్చుంటే ఈ పేరా మీకంటే బాగా ఎవరూ రాయలేరు. కాకపోతే సినిమాలోది బొగ్గు గని కాదు, లోహం తవ్వే గని. ఈ తప్పు నేనూ ఒకసారి చేశాను.

బరువుకి ఇంకో రకం కూడా ఉంది, దాన్ని సమీక్షకులు సాధారణంగా వదిలేస్తారు. కింద సైన్యం కోటలో బందీగా ఉన్నప్పుడు షీతా పజూని కాపాడటానికి "నన్ను మర్చిపో" అంటుంది. ముస్కా పిల్లాడి చేతిలో మూడు బంగారు నాణేలు పెట్టి పంపేస్తాడు. పజూ ఏడుపు దిగమింగుకుని పరిగెడతాడు, పడతాడు, నాణేలు దొర్లుతాయి. వాటిని ఏరి కోపంతో విసిరేయబోతాడు, చెయ్యి పైకి లేస్తుంది. కానీ విసరడు. పిడికిలి బిగించి ఇంటికి నడుస్తాడు. మన హీరో అయితే ఆ నాణేలు విలన్ మొహాన కొట్టేవాడు, థియేటర్లో ఈలలు పడేవి. గనిలో కూలి చేసే పిల్లాడికి మూడు బంగారు నాణేలంటే ఏంటో మియజాకికి తెలుసు. అవమానం ఎంత ఉన్నా ఆ చెయ్యి తెరుచుకోదు. ఈ ఒక్క షాట్ గురించి మీ లెక్చరర్లకి చెప్పండి, 'పిల్లల సినిమా' అనే మాట మళ్ళీ రాదు.

ఇంటికెళ్తే అక్కడ దొంగల నాయకురాలు దోలా కూర్చుని మాంసం లాగించేస్తూ ఉంటుంది. షీతాని విడిపించడానికి తోడొస్తానని పజూ అంటే ఆమె అనే మాట జపాన్‌లో సామెతంత పేరు తెచ్చుకుంది: "నలభై సెకన్లలో సిద్ధమవ్వు!" ఆ కాస్త వ్యవధిలో పజూ సామాను సర్దుకోవడమే కాదు, తను పెంచుకున్న పావురాలని కూడా వదిలేస్తాడు. ఇక తిరిగి రాడేమో అన్నది ఒక్క మాట లేకుండా తెలుస్తుంది. క్లైమాక్సులో ముస్కా ఇదే పిల్లలకి మూడు నిమిషాల గడువిస్తాడు. ఈ రెండు గడువులూ పక్కపక్కన పెట్టి చూడండి. దోలా ఇచ్చినది పనికి, ముస్కా ఇచ్చినది లొంగిపోవడానికి.

ఇక అందరూ జారిపడే చోటు. 'ప్రకృతి మంచిది, యంత్రం చెడ్డది' అని మాత్రం రాయకండి. సినిమా అలా చెప్పదు. సైన్యం కోటని నిప్పుల్లో ముంచిన మరమనిషీ, లాప్యుతా తోటలో పక్షుల్ని చూసుకునే మరమనిషీ ఒకే తయారీ. నేను పిల్లలకి వేసినప్పుడు సబ్‌టైటిళ్ళు ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి తెర పక్కన నిలబడి తెలుగులో చెప్తుంటాను. పజూ, షీతా లాప్యుతాలో దిగగానే ఒక మరమనిషి అడుగులో అడుగేస్తూ వస్తుంది. మొదటిసారి వేసినప్పుడు ముందు వరసలో ఒక పాప కళ్ళు మూసేసుకుంది, ఇందాక కోట తగలబెట్టింది ఇదే కదా మరి. అది వంగి, వాళ్ళు దిగిన గాలిపటం లాంటి గ్లైడర్‌ని రెండు చేతులతో మెల్లగా ఎత్తి పక్కన పెడుతుంది. దాని కింద పిట్టగూడు, అందులో గుడ్లు. అంతకోసమే వచ్చింది. నేనేమీ చెప్పలేదు, చెప్పాల్సిన పని లేకపోయింది. తర్వాత ఆ పాపే నన్నడిగింది: "వాళ్ళందరూ వెళ్ళిపోయారని దానికి తెలుసా అంకుల్?" నా సమీక్షలో ఆ ప్రశ్న అలాగే రాసుకున్నాను, ఇప్పటికీ జవాబు లేదు.

మియజాకికి యంత్రాలంటే ప్రాణం. పుట్టింది 1941లో, వాళ్ళ కుటుంబ కంపెనీ యుద్ధ విమానాలకి భాగాలు తయారుచేసేది. ఆయన స్టూడియో పేరు 'జిబ్లీ' కూడా ఒక ఇటలీ విమానానిదే. దొంగలు నడిపే ఆ తూనీగ రెక్కల వాహనాన్ని ఎంత ముద్దుగా గీశాడో చూడండి. ఆయన తగువు యంత్రంతో కాదు, నేలని వదిలేసి పైనుంచి ఏలాలనుకునే వాడితో. సింహాసనం గదిలో షీతా ముస్కాతో ఇది సింహాసనం గది కాదు, మనిద్దరి సమాధి అంటుంది. మట్టిలో వేళ్ళూని గాలితో బతకమనే తమ లోయ పాట చెప్పి, ఎన్ని ఆయుధాలున్నా నేలకి దూరమై బతకలేమంటుంది. మొదటి సీనులో పజూ చేతుల మీద పడ్డ బరువు ఇక్కడికి వచ్చి చేరుతుంది. బరువు పోగొట్టుకున్న రాజ్యం ఖాళీ అయింది.

తెలుగు సమీక్షకులకి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. ముస్కా లాప్యుతా ఆయుధాన్ని పేల్చినప్పుడు, బైబిల్లో సొదొమ గొమొర్రాలని కాల్చిన నిప్పు ఇదేనని, రామాయణంలో దీన్నే ఇంద్రుడి బాణం అన్నారని చెప్తాడు. ఇది వినగానే మనవాళ్ళు సినిమా వదిలేసి 'మన రామాయణం జపాన్‌లో' అని మూడు పేరాలు రాస్తారు. ఐంద్రాస్త్రం వాల్మీకిలో ఉన్నమాట నిజమే, లక్ష్మణుడు ఇంద్రజిత్తుని కూల్చింది దానితోనే. కానీ ఆ మాట అన్నదెవరు? విలన్. తన అహంకారానికి పవిత్ర గ్రంథాలని సాక్ష్యం తెచ్చుకునే మనిషి. గర్వపడాల్సిన చోటు కాదు, జాగ్రత్తగా వినాల్సిన చోటు. అలాగే 'షీతా అంటే మన సీత' అనే ఊహ. జపనీస్‌లో గ్రీకు అక్షరం థీటాని కూడా షీతా అనే పలుకుతారు, కాబట్టి దాని మీద మేడలు కట్టకండి.

పేర్లంటే గుర్తొచ్చింది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి 'షీటా' అని రాయకండి. జపనీస్‌లో ఆ అక్షరం మన 'త'యే, నాలుక పళ్ళకి తగులుతుంది. తెలుగులో త, ట రెండూ ఉండగా మధ్యలో ఇంగ్లిష్‌ని ఎందుకు అడగడం? లాప్యుతా అన్న పేరు జొనాథన్ స్విఫ్ట్ 1726లో అచ్చేసిన గలివర్ యాత్రల్లోని తేలే దీవిది. సినిమాలో పజూ కూడా స్విఫ్ట్ పేరెత్తుతాడు. స్పానిష్‌లో ఆ పదం బూతులా వినబడుతుందని అమెరికాలో పేరులోంచి దాన్ని తీసేశారు, అందుకే అక్కడి పోస్టర్ల మీద కోట ఒక్కటే మిగిలింది.

ఇంకో తప్పు తరచూ చూస్తుంటాను. మియజాకి తీసిన 1984 నాటి సినిమా నౌసికా జిబ్లీ మొదటి సినిమా కాదు, దాన్ని వేరే స్టూడియోలో తీశారు. జిబ్లీ పెట్టింది 1985లో, ఆ పేరు మీద వచ్చిన మొదటి సినిమా లాప్యుతాయే. 1986 ఆగస్టు 2న విడుదలైంది, నిర్మాత తకహాతా ఇసావో. విడుదలైనప్పుడు థియేటర్లలో నౌసికా కంటే తక్కువ మందే చూశారు. పేరంతా తర్వాత టీవీలో వేయగా వేయగా వచ్చింది. 2013 ఆగస్టులో టీవీలో వేసినప్పుడు, పిల్లలిద్దరూ విధ్వంస మంత్రం పలికే క్షణానికి జనం అదే మాట ట్విట్టర్‌లో కొట్టారు, ఒక్క సెకనులో 1,43,199 ట్వీట్లు. సరదా సంగతి, ఒక్క వాక్యం చాలు. చాలామంది దీంతోనే మొదలుపెడతారు, మీరు పెట్టకండి.

ఏ వెర్షన్ చూడాలి? జపనీస్ మాటలతోనే చూడండి. డిస్నీ వాళ్ళ ఇంగ్లిష్ డబ్బింగ్‌లో పిల్లల గొంతులు బాగా పెద్దవైపోయాయి. పైగా దానికోసం హిసాయిషి జో తన సంగీతాన్ని మళ్ళీ రాసి పెంచాడు. ఆర్కెస్ట్రా అద్భుతమే, కాదనను. కానీ జపనీస్‌లో గాలి చప్పుడు తప్ప ఏమీ లేని చోట్ల కూడా వాయిద్యాలు వచ్చి కూర్చున్నాయి. మీరు సంగీతం గురించి రాసేట్టయితే ఏ వెర్షన్ విన్నారో తప్పకుండా చెప్పండి.

లోపాలు కూడా రాయండి. అన్నీ పొగిడితే ఎవరూ నమ్మరు. నాకు కనబడేవి: ముస్కాకి లోపల ఏమీ లేదు, నల్ల కళ్ళద్దాలు తీస్తే ఇంకో నల్ల కళ్ళద్దాలు ఉన్నట్టుంటాడు. సైన్యాధికారి వట్టి బండ మనిషి. షీతాకి ధైర్యం ఉంది, చివర్లో మాట ఉంది, కానీ మధ్యలో గంట సేపు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతూనే ఉంటుంది. దొంగల ఓడలో ఆమెకి దొరికిన పని వంటిల్లు, అదీ ఎన్నాళ్ళుగానో కడగని వంటిల్లు. దోలా కొడుకులు ఒకరి తర్వాత ఒకరు సాయం చేస్తామంటూ నంగిగా రావడం నవ్విస్తుంది, ఒప్పుకుంటాను. అయినా ఈ రోజు ఒక అమ్మాయి ఈ సమీక్ష రాస్తే ఆ సంగతి ఎత్తకుండా ఉండదు, ఎత్తాలి కూడా. ఆ లోటుని సినిమాలో పూడ్చేది దోలాయే. ముసలి ఆడదొంగ, తిండిపోతు, పిసినారి, అందరి కంటే ముందు షీతా ఎలాంటి పిల్లో కనిపెట్టింది తనే.

రేటింగ్ అడిగారు. కాలేజీ పత్రికలో నక్షత్రాలు వద్దు, వాటిని చూసి పేరాలు వదిలేస్తారు.

చివరగా మీ గుడ్డు. అది గని లోపలి సీను. పైన ఒకవైపు దొంగలు, ఒకవైపు సైన్యం, ఇద్దరూ చీకట్లో కూర్చున్నారు. పజూ సంచీలోంచి రొట్టె ముక్కలు తీస్తాడు, మీద గుడ్డు. ఇద్దరూ ముందు గుడ్డుని జుర్రుమని లాగేసి తర్వాత రొట్టె కొరుకుతారు. ఆపిల్ ఉంది, చెరో మిఠాయి బిళ్ళా ఉంది. షీతా నవ్వి, నీ సంచీ మాయసంచీలా ఉందే, ఏది కావాలంటే అది వస్తోంది అంటుంది. మెడలో ప్రపంచాన్ని ఏలే రాయి వేలాడుతున్న పిల్ల, మాయ అని పిలిచింది గుడ్డూ రొట్టే ఉన్న కూలి పిల్లాడి సంచీని. మీ డ్రాఫ్టులో అది రెండో పేజీ మధ్యలో ఎక్కడో ఉందన్నారు. దాన్ని తీసుకొచ్చి మొదటి వాక్యంలో పెట్టండి. మిగతాది మళ్ళీ రాసి ఇక్కడే కింద పెట్టండి, ఆదివారం లోపు చదివి చెప్తాను.